బీరు రుచి చూసి మార్కులు వేయడం ఎలా?

బీరు తాగి "బాగుంది", "బాలేదు" అనడానికి ఏ సాధనా అక్కర్లేదు. ఎందుకు బాగుందో, ఎక్కడ తప్పిందో చెప్పాలంటే మాత్రం ఒక పద్ధతి కావాలి. జడ్జి చూసేది ఒక్కటే: ఈ బీరు తాను ఏ స్టైల్ (బీరు రకం) అని చెప్పుకుంటోంది, ఆ స్టైల్‌కు ఎంత న్యాయం చేసింది? మీకు స్టౌట్ అనే నల్ల బీరు నచ్చకపోవచ్చు, అయినా మంచి స్టౌట్‌కు మంచి మార్కులే పడాలి. అరటిపండు వాసన జర్మన్ గోధుమ బీరుకు ప్రాణం, పిల్స్‌నర్ అనే లేత బంగారు రంగు బీరులో అదే వస్తే లోపం. లేశమాత్రపు వెన్న వాసన చెక్ పిల్స్‌నర్‌లో చెల్లుతుంది, జర్మన్ పిల్స్‌నర్‌లో చెల్లదు. కాబట్టి స్టైల్ తెలియకుండా తప్పొప్పులు ఎంచకూడదు.

ఇక్కడ చెప్పేది నలుగురు ఇంట్లో కూర్చుని ఆరు బీర్లు పోల్చి చూసే పద్ధతి. హైదరాబాద్ మైక్రోబ్రూవరీలో చిన్న గ్లాసుల శాంప్లర్ ట్రే తెప్పించుకున్నా ఇదే వరస పనికొస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మద్యానికి 21 ఏళ్లు నిండాలి. ఒక్కో బీరు 75 మి.లీ. చొప్పున ఆరు అంటే 450 మి.లీ. సగటున 5.5 శాతం ఆల్కహాల్ లెక్కేసినా ఒంట్లోకి సుమారు 20 గ్రాములు చేరుతుంది. తర్వాత బండి ముట్టుకోవద్దు.

గది, నోరు, గ్లాసు

రుచి అని మనం అనుకునేదాంట్లో ఎక్కువ భాగం ముక్కు పనే. అందుకే ఆ పూట ఇంట్లో అగరొత్తి వెలిగించవద్దు, పోపు పెట్టవద్దు, సెంటు పూసుకోవద్దు. సిగరెట్, పాన్, జర్దా ఏవీ కనీసం గంట ముందు నుంచి వద్దు. కారం తిన్న నాలుకకు సన్నని తేడాలు అందవు, కాబట్టి ఆవకాయ అన్నం తిని నేరుగా వచ్చి కూర్చోకూడదు. భోజనానికి ముందు, పదకొండు పన్నెండు మధ్య, నాలుక చురుగ్గా ఉంటుంది.

మధ్యలో నోరు శుభ్రం చేసుకోవడానికి చల్లగా లేని మంచినీళ్లు, ఉప్పు లేని మరమరాలు లేదా మామూలు బ్రెడ్ చాలు. మిక్చర్, వేయించిన పల్లీలు, చికెన్ పకోడీ అన్నీ తర్వాతే. ఉప్పు చేదును అణిచేస్తుంది. పెదవుల మీది నూనె గ్లాసు అంచుకు అంటి నురగను చంపేస్తుంది. ఉప్పు పల్లీలు నముల్తూ చేదు మీద తీర్పు చెబితే అది పల్లీల మీద తీర్పే అవుతుంది.

గ్లాసులన్నీ ఒకే రకం, పారదర్శకమైనవి, 200 నుంచి 300 మి.లీ. పట్టేవి ఉండాలి. పైకి వెళ్లేకొద్దీ కాస్త సన్నబడే ఆకారమైతే వాసన లోపల నిలుస్తుంది. స్టీలు గ్లాసు వద్దు, రంగు కనబడదు. కడగడంలోనే చాలామంది తప్పు చేస్తారు. సబ్బు మిగిలినా నూనె జిడ్డు మిగిలినా నురగ నిలవదు, ఆ నేరం అన్యాయంగా బీరు మీద పడుతుంది. గ్లాసును తడిపి లోపల ఉప్పు చల్లండి. అంతటా సమంగా అంటుకుంటే శుభ్రంగా ఉన్నట్టు, మచ్చలు మచ్చలుగా జారిపోతే జిడ్డు ఉన్నట్టు. పరీక్ష అయ్యాక కడిగి బోర్లించి గాలికి ఆరనివ్వండి, గుడ్డతో తుడవద్దు. బీరు పోశాక గ్లాసు గోడలకు బుడగలు గుంపులుగా అంటుకుని కదలకుండా ఉంటే గ్లాసు మార్చి మళ్లీ పోయండి.

చల్లదనం ఎంత?

మన దగ్గర బీరు అంటే సీసా మీద మంచు పేరుకున్నంత చల్లగా ఉండాలన్న అభిప్రాయం గట్టిగా ఉంది. ఎండలో దాహానికి అది సరే, తీర్పుకు మాత్రం పనికిరాదు. అంత చలిలో వాసనలు పైకి లేవవు, తీపి అణగారిపోతుంది, గ్యాస్ కుట్టు మాత్రమే మిగులుతుంది. మంచి బీరు మంచితనమూ, చెడ్డ బీరు చెడ్డతనమూ రెండూ దాగిపోతాయి.

మామూలు లాగర్‌ను (చల్లగా, నెమ్మదిగా పులియబెట్టే బీరు) 4 నుంచి 7 డిగ్రీల దగ్గర, గోధుమ బీర్లను 7-8 దగ్గర, చేదు, పరిమళం ఎక్కువుండే ఐపీఏను 8-10 దగ్గర, స్టౌట్‌ను 10-12 దగ్గర చూడండి. ఇంటి ఫ్రిజ్ సాధారణంగా 3 నుంచి 5 డిగ్రీల్లో ఉంటుంది, కాబట్టి లాగర్ తీసిన వెంటనే పోయవచ్చు. స్టౌట్‌ను కాసేపు బయట పెట్టాలి. ఎంతసేపన్నది గది వేడిని బట్టి మారుతుంది. మే నెల విజయవాడలో ఐదు నిమిషాలు చేసే పని డిసెంబరు హైదరాబాద్‌లో పావుగంట చేస్తుంది. వంటగది థర్మామీటరు ఉంటే గ్లాసులో ముంచి చూసుకోవడమే నమ్మకమైన దారి. మరీ చల్లగా ఉంటే గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకోండి.

వరస, గుట్టు

వరస రంగును బట్టి కాదు, బలాన్ని బట్టి. చేదు, మాడు రుచి, ఆల్కహాల్ తక్కువగా ఉన్నవి ముందు. ఆరు బీర్లకు ఈ వరస బాగుంటుంది: జర్మన్ గోధుమ బీరు, బెల్జియన్ విట్, పిల్స్‌నర్, స్టౌట్, ఐపీఏ, చివర మన స్ట్రాంగ్. ఐపీఏ తర్వాత గోధుమ బీరు తాగితే అది నీళ్లలా తోస్తుంది, తప్పు దానిది కాదు. ఆరు దాటితే ముక్కు అలిసిపోతుంది, ఏడో బీరు మీద రాసిన మాటకు విలువ ఉండదు.

ఒకరు పోసేవారిగా ఉండి, మిగిలినవాళ్లకు పేర్లు తెలియకుండా వేరే గదిలో పోసి తేవాలి. గ్లాసుల మీద 1, 2, 3 అని కాకుండా 417, 862 లాంటి మూడంకెల గుర్తులు వేయండి. ఒకటి అనగానే మొదటిది, మంచిది అన్న భావం తెలియకుండానే మనసులో చేరుతుంది. స్టైల్ పేరు మాత్రం జడ్జీలకు చెప్పాలి. బ్రాండు, ధర చెప్పకూడదు.

పోసేవారు సీసా మీద తయారీ తేదీ చూసి విడిగా రాసి పెట్టుకోవాలి. బీరు నిల్వకు శత్రువులు మూడు: వేడి, వెలుతురు, ఆక్సిజన్. బీరు తయారీదార్లలో ఒక లెక్క వాడుకలో ఉంది: 32 డిగ్రీల వేడిలో 3 రోజులు, 22 డిగ్రీల్లో 30 రోజులు, 3 డిగ్రీల్లో 300 రోజులు బీరుకు దాదాపు ఒకే మోతాదు ముసలితనం తెస్తాయని. ఇది కచ్చితమైన సూత్రం కాదు, ఉజ్జాయింపు. అయినా వేసవిలో గోడౌన్‌లో, లారీలో గడిపిన సీసా గురించి అది చెప్పేది మాత్రం నిజం. కాబట్టి ఫ్రిజ్‌లో నిల్వ ఉంచే దుకాణం నుంచి, తయారై ఎక్కువ రోజులు కాని సీసా కొనండి.

పోయడం నుంచి రాయడం వరకు

ముందు గ్లాసును చల్లటి నీళ్లతో ఒకసారి కడిగి, 45 డిగ్రీలు వంచి, పోయాల్సినదాంట్లో సగం గోడ వెంట పోయండి. తర్వాత నిలబెట్టి మిగతాది నడిమధ్యలోకి పోయండి. రెండు వేళ్ల మందం నురగ రావాలి. నురగ లేకుండా పోయమనడం మన దగ్గర అలవాటు. బార్‌లో నురగ ఎక్కువైతే బీరు తగ్గించి మోసం చేశారన్న అనుమానం దానికి కారణం. కానీ వాసనను పైకి మోసుకొచ్చేది ఆ నురగే. జర్మన్ గోధుమ బీరైతే చివర 50 మి.లీ. సీసాలో ఉంచి గిర్రున తిప్పి, అడుగున పేరుకున్న ఈస్ట్‌తో (బీరును పులియబెట్టే సూక్ష్మజీవి) సహా పోయాలి.

గ్లాసు చేతికి రాగానే మొదటి పని వాసన. రంగు చూస్తూ కూర్చుంటే తేలిక వాసనలు, ముఖ్యంగా గంధకం తాలూకువి, నిమిషంలో ఎగిరిపోతాయి. ముందు గ్లాసును ముక్కు కింద నుంచి అటూ ఇటూ ఒకసారి కదపండి. తర్వాత ముక్కు దగ్గర పెట్టి చిన్నచిన్నగా రెండు మూడుసార్లు పీల్చండి. ఆపైన అరచేత్తో మూసి, తిప్పి, తెరిచి పీల్చండి. ఒకే పెద్ద ఊపిరి లాగితే ముక్కు త్వరగా మొద్దుబారుతుంది. మొద్దుబారిందనిపిస్తే మీ చొక్కా చెయ్యి వాసన చూసి మళ్లీ రండి.

తోచింది తోచినట్టు, తెలుగులోనే రాయండి. చక్కెరకేళి అరటిపండు, లవంగం, ధనియాలు, నారింజ తొక్క, పచ్చి మామిడి, పంపరపనస, వేయించిన శనగలు, బెల్లం పాకం, అడుగంటిన అన్నం, ఫిల్టర్ కాఫీ, ఉడికిన మొక్కజొన్న కంకి, తడిసిన అట్టపెట్టె... ఈ వాసనలు మనకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఎవరో రాసిన పరాయి పండ్ల జాబితాలు కంఠస్థం చేయడం కంటే ఇవి వెయ్యి రెట్లు నమ్మకం. ఎవరూ నోరు విప్పకూడదు. ఒకరు "అరటిపండు" అన్నారంటే మిగతావాళ్లకూ అరటిపండే వస్తుంది.

తర్వాత చూపు. వెనక తెల్ల కాగితం పెట్టి రంగు, తేటదనం, నురగ చూడండి. నురగ రంగు, బుడగల సన్నదనం, రెండు నిమిషాల తర్వాత ఎంత మిగిలిందీ రాయండి. తేటగా ఉండాల్సిన బీరు మసకగా ఉంటే తొందరపడవద్దు. చలికి ప్రొటీన్లు, పాలీఫినాల్స్ (వగరు పదార్థాలు) జట్టుకట్టి మసక తెస్తాయి, వెచ్చబడితే అది పోతుంది. వెచ్చబడినా పోని మసక ఈస్ట్‌దో, పాడైనదో అయి ఉంటుంది.

ఇప్పుడు గుటక. ఓ చెంచాడు, అంటే 10-15 మి.లీ. తీసుకుని నోరంతా తిప్పి మింగండి. వైన్ లాగా ఉమ్మేయవద్దు. మింగాక నోరు మూసి ముక్కుతో గాలి వదలండి, గొంతు వెనక నుంచి వాసన మళ్లీ పైకొస్తుంది. మొదట మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) తీపి, తర్వాత హాప్స్ (చేదు, పరిమళం ఇచ్చే ఒక తీగ పూలు) చేదు, చివర మిగిలేది ఏమిటో చూడండి. చేదు మెల్లగా ఎక్కుతుంది. కాబట్టి పదిహేను, ఇరవై సెకన్లు ఆగి, ఆ తర్వాతే చేదు గురించి రాయండి. రెండో గుటక మొదటిదాన్ని సరిచూడటానికి.

ఇక్కడ తెలుగు నాలుకకు ఒక పుట్టు బలం ఉంది. షడ్రుచుల్లో చేదు వేరు, వగరు వేరు అని మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కాకరకాయది చేదు, అది నాలుక మీద రుచి. కరక్కాయది వగరు, అది నోరంతా పిడచగట్టి చిగుళ్లు బిగుసుకునే స్పర్శ. బీరులో హాప్స్ చేదు శుభ్రంగా వచ్చి, కాసేపుండి, పోవాలి. వగరు వచ్చిందంటే ధాన్యపు పొట్టును మరీ వేడి నీటితో, ఎక్కువసేపు కడిగారనో, హాప్స్ పూలను అతిగా నానబెట్టారనో అనుమానించాలి. రెండింటినీ కలిపి "చేదు ఎక్కువైంది" అని రాస్తే తయారుచేసినవారు హాప్స్ తగ్గిస్తారు, అసలు తప్పు అలాగే ఉండిపోతుంది.

పులుపూ అంతే. పెరుగు తేట పులుపు లాక్టిక్ ఆమ్లానిది, గొంతులో గుచ్చుకునే వెనిగర్ పులుపు అసిటిక్ ఆమ్లానిది. పొద్దున దించిన కల్లుకూ సాయంత్రానికి పులిసిన కల్లుకూ తేడా ఎరిగినవాళ్లకు ఇది తేలిక.

చివర నోటి స్పర్శ. పలచనా చిక్కనా, గ్యాస్ కుట్టు ఎంత, ఆల్కహాల్ వెచ్చదనం గొంతులో మండుతోందా, వగరు ఉందా చూడండి.

50 మార్కులు ఎలా పంచాలి?

అమెరికాలో 1985లో మొదలైన బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ వాడే పత్రం ప్రపంచమంతటా చెల్లుతుంది. అందులో వాసనకు 12, చూపుకు 3, రుచికి 20, నోటి స్పర్శకు 5, మొత్తం మీద అభిప్రాయానికి 10. చూపుకు మూడే ఎందుకంటే అందంగా కనబడటం బీరుకు ముఖ్యమే గానీ తాగేది కళ్లతో కాదు. మొత్తం 45 గానీ అంతకు పైన గానీ వస్తే అసాధారణం, 38-44 చాలా ఉత్తమం, 30-37 చాలా బాగుంది, 21-29 బాగుంది కానీ లోపాలున్నాయి, 14-20 అంతంత మాత్రం, 13 లోపు గట్టి తప్పు.

కొత్తవాళ్లు 25 దగ్గరే గుంపుగా చేరతారు, పైకీ కిందికీ వెళ్లడానికి భయపడతారు. దానికి మందు ఇది: మొదట అంకె వేయకుండా మాటలు రాయండి, ఆ మాటలకు తగిన అంకె తర్వాత వేయండి. ఉదాహరణకు ఒక జర్మన్ గోధుమ బీరు. "అరటిపండు స్పష్టం, లవంగం దాదాపు లేదు, గోధుమ పిండి వాసన మెత్తగా" అంటే వాసనకు 9. "మసక బంగారు రంగు, తెల్లటి ఎత్తైన నురగ, నిలిచింది" అంటే చూపుకు 3. "తీపి ఎక్కువ, ముగింపు బరువు, చేదు తగినంత తక్కువ" అంటే రుచికి 13. "గ్యాస్ చాలినంత, మెత్తగా ఉంది" అంటే 4. "ఇంకో గ్లాసు తాగవచ్చు, లవంగం ఉంటే నిండుగా ఉండేది" అంటే 7. మొత్తం 36. ఈ పత్రం చదివిన బ్రూవర్‌కు, అంటే బీరు తయారుచేసినవారికి, ఏం మార్చాలో తెలుస్తుంది. "స్మూత్‌గా ఉంది" అన్న మాట చదివితే ఏమీ తెలియదు.

అందరూ రాయడం అయ్యాకే మాట్లాడుకోవాలి. ఇద్దరి మార్కుల మధ్య 7 కంటే ఎక్కువ తేడా ఉంటే ఆ గ్లాసును ఇద్దరూ మళ్లీ రుచి చూడాలి. ఒకరికి వెన్న వాసన బలంగా తగిలి, ఇంకొకరికి అసలు తెలియకపోవడం మామూలే. కొన్ని వాసనలకు కొందరి ముక్కులు పుట్టుకతోనే మొద్దు. మీ ముక్కు దేనికి మొద్దో తెలుసుకోవడం కూడా ఈ విద్యలో భాగమే.

స్టైల్ వారీగా ఏం వెతకాలి?

జర్మన్ గోధుమ బీరు, అంటే వైస్‌బీర్, నేర్చుకోవడానికి అన్నిటికంటే మంచి పాఠం. ఇందులో కనీసం సగం గోధుమ మాల్ట్ ఉండాలి. అరటిపండు వాసన ఐసోఅమైల్ అసిటేట్‌ది, లవంగం వాసన ఫోర్ వినైల్ గ్వాయకాల్‌ది. రెండింటినీ తయారుచేసేది ఆ ప్రత్యేకమైన ఈస్టే, ఎవరూ పండు గానీ లవంగం గానీ వేయరు. ఈస్ట్‌ను వెచ్చగా పులియనిస్తే సాధారణంగా అరటిపండు పెరుగుతుంది. మాష్‌ను, అంటే వేడినీళ్లలో కలిపిన మాల్ట్‌ను, కాసేపు 43-45 డిగ్రీల దగ్గర ఆపితే ఫెరూలిక్ ఆమ్లం విడుదలై లవంగానికి దారి ఏర్పడుతుంది. కాబట్టి లవంగం లేని వైస్‌బీర్ మాష్ దగ్గర తొందరపడి ఉండవచ్చని చెప్పగలం. చేదు 8 నుంచి 15 ఐబీయూ మాత్రమే. ఐబీయూ అంటే సుమారుగా లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల హాప్స్ చేదు పదార్థం కరిగిందన్న లెక్క. గ్యాస్ మిగతా స్టైళ్ల కంటే ఎక్కువ. అరటిపండు దాటి గోళ్ల పాలిష్ వాసన వస్తే పులియబెట్టేటప్పుడు వేడి హద్దు దాటిందని అర్థం.

బెల్జియన్ విట్ కూడా గోధుమ బీరే, కానీ దారి వేరు. మొలకెత్తించని గోధుమ వాడతారు, ధనియాలు, చేదు నారింజ తొక్క వేస్తారు. అంతరించిపోయిన ఈ స్టైల్‌ను 1960ల్లో హూగార్డెన్ ఊళ్లో పియెర్ సెలిస్ తిరిగి బతికించారు. ధనియాల వాసన మన వంటగదికి దగ్గర కాబట్టి ఇక్కడ తెలుగువాళ్ల తీర్పు గట్టిగా ఉంటుంది. ఆ వాసన నిమ్మ, నారింజలతో కలిసిపోయి సన్నగా ఉండాలి. సబ్బులాగానో, కూరగాయ కాడల్లాగానో వస్తే ధనియాలు ఎక్కువైనట్టు, లేదా మంచివి కానట్టు.

పిల్స్‌నర్ దాచుకోవడానికి చోటులేని బీరు. 1842లో బొహీమియాలోని (ఇప్పటి చెక్ దేశం) ప్లజెన్ పట్టణంలో యోసెఫ్ గ్రోల్ అనే బవేరియన్ బ్రూవర్ దీన్ని తయారుచేశారు. ఆ ఊరి నీటిలో లవణాలు బాగా తక్కువ, దాంతో గట్టి చేదు కూడా గరుకు లేకుండా గుండ్రంగా వచ్చింది. చెక్ రకంలో బ్రెడ్ లాంటి నిండు మాల్ట్, 30-45 ఐబీయూ చేదు, సాజ్ అనే చెక్ రకం హాప్స్ మసాలా పరిమళం ఉంటాయి. జర్మన్ రకం పలచగా, పొడిగా, కరకరలాడే చేదుతో ముగుస్తుంది, 22-40 ఐబీయూ. రెండింటిలోనూ ఉడికిన మొక్కజొన్న వాసన వెతకండి. అది డీఎమ్ఎస్ అనే గంధకపు పదార్థం. లేత మాల్ట్‌లో దాని మూలం ఉంటుంది. మాల్ట్ నుంచి దిగిన కషాయాన్ని మూత తీసి గంట, గంటన్నర బలంగా మరిగిస్తే ఆవిరై పోతుంది. చాలీచాలకుండా మరిగించినా, మరిగాక త్వరగా చల్లార్చకపోయినా మిగిలిపోతుంది.

స్టౌట్ నల్లగా ఉంటుంది కాబట్టి బలమైనదన్న నమ్మకం తప్పు. గిన్నెస్ డ్రాఫ్ట్‌లో ఆల్కహాల్ 4.2 శాతమే, మన స్ట్రాంగ్ బీరులో 8 దాకా ఉంటుంది. ఐరిష్ స్టౌట్ రంగూ రుచీ మాల్ట్ చేయకుండా వేయించిన బార్లీ నుంచి వస్తాయి. కాఫీ గింజ, చక్కెర లేని చాక్లెట్ రావాలి, ముగింపు పొడిగా ఉండాలి. అడుగంటిన అన్నం దాటి బొగ్గు, బూడిద వస్తే మార్కులు తగ్గించండి. నైట్రోజన్ కలిపి పోసినదైతే మీగడ లాంటి నురగ వస్తుంది, కుట్టు ఉండదు. ఆ స్టైల్‌కు అది లోపం కాదు.

అమెరికన్ ఐపీఏలో చేదు 40-70 ఐబీయూ, ఆల్కహాల్ 5.5-7.5 శాతం. ఇక్కడ కథంతా హాప్స్‌దే. 1972లో విడుదలైన కాస్కేడ్ హాప్స్‌ది పంపరపనస వాసన, తర్వాత వచ్చిన రకాల్లో మామిడి, అనాస, పైన్ చెట్టు జిగురు కూడా వస్తాయి. ఈ పరిమళం అన్నిటికంటే ముందు చచ్చిపోతుంది. రెండు మూడు నెలలు దాటి, అదీ వేడిలో ఉన్న ఐపీఏలో పండ్ల బదులు తేనె, పాకం, తడి అట్ట మిగులుతాయి. హాప్స్ నిల్వలోనే పాడైతే చీజ్ వాసన వేస్తుంది. చేదు ఎక్కువగా ఉండటం ఇక్కడ తప్పు కాదు, దాన్ని మోసే మాల్ట్ లేకపోతే తప్పు.

ఇక మన స్ట్రాంగ్. దీన్ని పిల్స్‌నర్ కొలబద్దతో కొలిస్తే అన్యాయం. బియ్యం, మొక్కజొన్న లేదా చక్కెర కలిపి ఆల్కహాల్ పెంచిన లేత లాగర్‌గా చూడండి. చేదు తక్కువగా, కొంచెం తియ్యగా, శుభ్రంగా ఉంటే దాని పని అది చేసినట్టే. సీసా మూత తీయగానే పచ్చి ఆపిల్ లేదా పచ్చి జామ వాసన వస్తే అది అసిటాల్డిహైడ్ అనే పదార్థం, బీరును పక్వానికి రాకముందే నింపేశారని గుర్తు. గొంతులో స్పిరిట్ మంట తగిలితే పులియబెట్టడంలో తొందర. కాస్త వెచ్చబడిన స్ట్రాంగ్‌ను వాసన చూడటానికి చాలామంది ఇష్టపడరు, నిజం బయటపడేది అప్పుడే.

లోపాలను ముక్కుకు నేర్పడం

పుస్తక జ్ఞానంతో లోపాలు పట్టుబడవు. చేదు తక్కువున్న తాజా లాగర్ తెచ్చి, పావు లీటరు గ్లాసుల్లో పోసి, ఒక్కోదాంట్లో ఒక్కటి కలిపి, ఏమీ కలపనిదాన్ని పక్కన పెట్టుకుని చూడండి. అయిదు లవంగాలు 100 మి.లీ. వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి ఆ నీళ్లు ఒక చిన్న చెంచా. అరటి ఎసెన్స్ లీటరు బీరుకు ఒక్క చుక్క, ఎసెన్స్‌లోనూ ప్రధానంగా ఉండేది ఐసోఅమైల్ అసిటేటే. వెన్నకు బటర్ ఎసెన్స్ అంతే. తెల్ల వెనిగర్ అర లీటరుకు 5 మి.లీ. డబ్బా స్వీట్‌కార్న్ నీళ్లు ఒక చెంచా. వగరుకు పాలు లేని చిక్కటి టీ డికాషన్ రెండు చెంచాలు. కలిపిన పది నిమిషాల్లో చూసేయండి.

వెలుతురు పాఠం మరీ తేలిక. లాగర్‌ను గాజు గ్లాసులో పోసి ఎండలో పది నిమిషాలు పెట్టి, నీడలో ఉంచినదానితో పోల్చండి. హాప్స్ చేదు పదార్థం వెలుతురుకు విరిగి గంధకంతో కలిసి కాలిన రబ్బరు, అడవి జంతువు కలగలిసిన వాసన వేస్తుంది. గోధుమరంగు సీసా దీన్ని చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చది కొద్దిగా, తెల్లది దాదాపు ఆపదు.

మీకు నిజంగా తెలుస్తోందా లేక ఊహిస్తున్నారా తేల్చుకోవడానికి మూడు గ్లాసులు పెట్టించుకోండి, రెండింట్లో ఒకే బీరు, ఒకదాంట్లో వేరేది. వేరేది ఏదో చెప్పాలి. కళ్లు మూసుకుని చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది, కాబట్టి ఆరుసార్లలో కనీసం ఐదుసార్లు పట్టుకుంటేనే ఆ లోపం మీకు తెలుసని నమ్మండి.

వెన్న వాసన గురించి కాస్త విడిగా చెప్పాలి, ఎందుకంటే దానికి రెండు మూలాలున్నాయి. పులిసేటప్పుడు ఈస్ట్ వెన్న వాసన ఇచ్చే డయాసిటైల్‌ను తయారుచేసి, చివర్లో తానే తినేస్తుంది. దానికి సమయం ఇవ్వకుండా బీరును చల్లబరిస్తే వెన్న మిగిలిపోతుంది. అందుకే లాగర్‌ను చివర రెండు మూడు రోజులు వెచ్చగా ఉంచుతారు. రెండోది డ్రాఫ్ట్ పైపుల్లో పెరిగే బాక్టీరియా. అప్పుడు వెన్నతో పాటు పులుపు, ఒక్కోసారి మసక కూడా వస్తాయి. మైక్రోబ్రూవరీలో ఒకే కుళాయి బీరులో ఇలా తగిలితే అదే బీరును ఇంకో కుళాయి నుంచి గానీ నేరుగా ట్యాంకు నుంచి గానీ అడిగి పోల్చండి. రెండోది శుభ్రంగా ఉంటే తప్పు పైపుది. పైపులు ఎప్పుడు కడిగారో మర్యాదగా అడగండి. రెండు వారాలకోసారి రసాయనంతో కడగాలి. రెండింట్లోనూ వెన్న ఉంటే పత్రం మీద బ్యాచ్ తేదీ, బీరు ఎంత చల్లగా ఉందో, పులుపు ఉందో లేదో రాసి బ్రూవర్‌కు ఇవ్వండి. ఆయన ట్యాంకు దగ్గర వెతకాల్సింది ఆ మూడు వివరాలతోనే.